నా డ్యాష్‌బోర్డులో తెలుగుకు గడి లేదు

"మీ డేటా ఏ తేదీ దగ్గర ఆగింది?"

ఈ ఒక్క ప్రశ్నతో నా మూడో ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. కంపెనీ పేరు వద్దులెండి. ఆరేళ్లు ఇంట్లో ఉండి, అమీర్‌పేటలో మూడు నెలలు డేటా కోర్సు చేసి, మళ్లీ ఉద్యోగాల వేటలో పడ్డదాన్ని నేను. లాప్‌టాప్ తెరిచి నా డ్యాష్‌బోర్డు, అంటే అంకెల్ని చార్టులుగా చూపే పేజీ, చూపించాను. నెట్‌ఫ్లిక్స్‌లో ఏ ఏడాది ఎన్ని సినిమాలు, షోలు చేరాయో చెప్పే గీత అందులో అన్నిటికన్నా పైన ఉంటుంది. 2016లో 429, 2017లో 1,188, 2018లో 1,649, 2019లో 2,016. అక్కణ్నుంచి కిందికి. 2020లో 1,879, 2021లో 1,498.

"ఎందుకు తగ్గింది?" అన్నారు ఎదురుగా కూర్చున్నావిడ.

"కోవిడ్ కదా మేడమ్, షూటింగులు ఆగిపోయాయి" అన్నాను, ఇంత కూడా తడుముకోకుండా. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ఆ తేదీ మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా సరిగా విప్పకుండా ఫైలు తెరిచాను. ఆఖరి తేదీ 2021 సెప్టెంబరు 25. అంటే ఆ ఏడాదికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. తొమ్మిది నెలల పిల్లాణ్ని ఏడాది పిల్లాడి పక్కన నిలబెట్టి, పొట్టిగా ఉన్నాడేమిటని నేను కథ అల్లాను. కాగితం మీద నెలకు లెక్కేసి చూశాను. 2020లో నెలకు 157 దాకా చేరాయి, 2021లో 170 దాకా. నేను తగ్గిందని చెప్పిన చోట నిజానికి పెరిగింది. కంగారులో నోరు జారిన మాటైతే ఇంత బాధ ఉండేది కాదు. నెల రోజులుగా ఆ గీతను రోజూ చూస్తూ నేను నమ్మిన మాట అది.

ఈ ఫైలు సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కాగిల్ అనే డేటా వెబ్‌సైట్లో ఉచితంగా దొరికే నెట్‌ఫ్లిక్స్ జాబితా ఇది. 8,807 వరుసలు, 12 కాలమ్‌లు: పేరు, సినిమానా షోనా, దర్శకుడు, నటులు, దేశం, నెట్‌ఫ్లిక్స్‌లో చేరిన తేదీ, విడుదలైన ఏడాది, రేటింగ్, నిడివి, ఏ రకం, చిన్న కథా పరిచయం, ఇలా. డ్యాష్‌బోర్డులు చేసే సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదట చేసే ప్రాజెక్టుల్లో ఇదొకటి. మా బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి పద్నాలుగు నెట్‌ఫ్లిక్స్ డ్యాష్‌బోర్డులు చేశాం. అన్నిటికీ నల్ల బ్యాక్‌గ్రౌండ్, ఎర్ర బార్లు. అందరం ఒకే తేదీ దగ్గర ఒకే తప్పు చేసి ఉంటాం. దొరికింది మాత్రం నేను.

ఆ రాత్రి నుంచి ఆ డ్యాష్‌బోర్డును మొదటి నుంచీ విప్పడం మొదలుపెట్టాను. పొద్దున మావాడు స్కూలు బస్సెక్కాక, మళ్లీ మూడున్నరకు దిగేలోపు నాకున్న టైము అది. నిజం చెప్పాలంటే కోర్సులో మూడు నెలలు నేర్చుకున్నదానికంటే ఈ విప్పడంలోనే ఎక్కువ నేర్చుకున్నాను.

ముందు రెండు ఇండియాల కథ చెప్పాలి. దేశం కాలమ్‌లో ఒకే గడిలో కామాలు పెట్టి రెండేసి, మూడేసి దేశాలు ఉంటాయి, కలిసి తీసినవి కాబట్టి. కామా దగ్గర విడగొట్టి ఒక్కో దేశాన్ని ఒక్కో వరుసగా పరచమని పవర్ బీఐలో డేటా సర్దే పవర్ క్వెరీకి చెప్పాను. పరిచింది. బార్ చార్టు వేస్తే ఇండియాలు రెండొచ్చాయి! ఒకటి నిలువెత్తున, ఇంకోటి బొటనవేలంత. గంటసేపు కళ్లు చికిలించి చూసినా అక్షరం తేడా లేదు. తీరా చూస్తే ఆ చిన్న ఇండియా ముందు ఒక ఖాళీ ఉంది, కామా తర్వాత వచ్చే ఖాళీ. మన కంటికి ఆననిది కంప్యూటరుకు వేరే దేశం. అటూ ఇటూ ఖాళీలు తీసేసే ట్రిమ్ నొక్కితే రెండూ కలిసి 1,046 అయ్యాయి. అందులో ఇండియా ఒక్కటే రాసి ఉన్న గడులు 972, మిగతావి ఇతర దేశాలతో కలిసి తీసినవి.

అది సర్దానని సంతోషపడేలోపు పైన 'మొత్తం' అని పెట్టుకున్న కార్డు చూశాను. 8,807 ఉండాల్సింది పదివేలు దాటింది. మూడు దేశాలు కలిసి తీసిన సినిమా మూడు వరుసలైంది కదా, మూడుసార్లు లెక్కకొచ్చింది. బంతిలో మనుషుల్ని లెక్కపెట్టమంటే వడ్డనలు లెక్కపెట్టినట్టు. వరుసలు కాకుండా విడివిడి ఐడీలు లెక్కపెట్టే డిస్టింక్ట్ కౌంట్ పెట్టాక మళ్లీ 8,807కు దిగొచ్చింది. నాకు తెలిసిన ఒకమ్మాయి డ్యాష్‌బోర్డులో ఆ పెద్ద అంకె ఇప్పటికీ అలాగే ఉంది. చెప్పనా వద్దా అని ఆలోచిస్తున్నాను.

ఏ వయసువాళ్లు చూడొచ్చో చెప్పేది రేటింగ్. దాన్ని బట్టి వడపోసే బటన్ల పెట్టెలో, అంటే స్లైసర్‌లో, ఇంకో తమాషా. పీజీ-13, టీవీ-14, టీవీ-ఎంఏ, వాటి మధ్యలో 66 నిమిషాలు, 74 నిమిషాలు, 84 నిమిషాలు. ఒక అమెరికన్ కమెడియన్ షోలు మూడింటికి నిడివి కాలమ్ ఖాళీగా ఉండి, ఆ నిమిషాలు పక్కనున్న రేటింగ్ గడిలోకి జరిగాయి. టైటిళ్లలోకి వెళ్తే '22-జుల్' అని ఒక పేరు. అది తేదీ కాదు, నార్వే దాడుల మీద వచ్చిన '22 జులై' అనే సినిమా. ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటారు, అది తేదీ అనుకుని తన పద్ధతిలో దిద్దేసింది. ఎక్సెల్‌తో పనిచేసినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు.

ఇవన్నీ సర్దుకున్నాక డ్యాష్‌బోర్డుతో ఆడుకోవడం నిజంగా బాగుంటుంది. ఒక బార్ మీద నొక్కితే పేజీలో ఉన్న మిగతా చార్టులన్నీ దానికి తగ్గట్టు మారిపోతాయి. దేశాల చార్టులో ఇండియా మీద నొక్కాను. సినిమాలా, షోలా అని చెప్పే గుండ్రటి చార్టు దాదాపు ఒకే రంగైపోయింది. ఇండియా ఒక్కటే ఉన్న 972లో 893 సినిమాలే, షోలు 79. దక్షిణ కొరియా మీద నొక్కితే చార్టు తలకిందులైంది: 199లో 158 షోలు. జపాన్‌ది కూడా షోల లోకమే, 245లో 169. మా ఆయన వెనక నిలబడి చూస్తూ "మనవాళ్లు సీరియళ్లు తియ్యరా?" అన్నాడు. తీస్తారు, రోజూ తీస్తారు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా మా అత్తగారి టీవీలో వచ్చేవన్నీ ఏమిటి మరి! ఈ ఫైల్లో ఉన్నది మన దేశం తీసిన సరుకు కాదు, నెట్‌ఫ్లిక్స్ కొని అరలో పెట్టిన సరుకు. ఈ తేడా మర్చిపోయి "భారతీయులకు సినిమాలే ఇష్టం" అని రాసిన పోస్టులు లింక్డిన్‌లో బోలెడు చూశాను. మొదట్లో నాదీ అదే క్యాప్షన్, తర్వాత తీసేశాను.

ఇప్పుడు దర్శకుల చార్టు. నాకు ఇదంటే ప్రాణం.

దర్శకుల పేరిట బార్లు వేస్తే అన్నిటికంటే పొడుగ్గా వచ్చేది పేరు లేని బార్. 2,634 వరుసల్లో దర్శకుడి గడి ఖాళీ. చూస్తే వాటిలో ఎక్కువభాగం టీవీ షోలు. అంటే మనం గొప్పగా 'టాప్ దర్శకులు' అని పేరు పెట్టుకునేది ఒక రకంగా సినిమాల చార్టే. సరే, ఖాళీని తీసేశాను. ఇప్పుడు మొదట ఎవరుండాలి? నేను స్కోర్సెసీనో స్పీల్‌బర్గ్‌నో అనుకున్నాను. వాళ్లవి 12, 11. అందరికంటే పైన రాజీవ్ చిలక! ఆయన పేరొక్కటే ఉన్నవి 19, ఇతరులతో కలిసి చేసినవి కూడా కలిపితే 22.

మా ట్రైనర్ ఆ పేరు చూసి "ఇది అవుట్‌లయర్ మేడమ్, ఫిల్టర్‌లో తీసెయ్యండి, చూసేవాళ్లకు అర్థం కాదు" అన్నారు. అవుట్‌లయర్ అంటే మిగతావాటితో పొంతన లేని అంకె. నేనూ తలూపి తీసేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అది మేం కూర్చున్న ఊళ్లోనే ఉన్న మనిషి పేరు. హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టినాయన, 2008లో పోగోలో మొదలైన ఛోటా భీమ్ ఆయన చేతిలో పుట్టినవాడే. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఇంట్లో ఎనిమిదేళ్ల మావాడికి స్క్రీన్ మీద సినిమాల పేర్లు చదివి వినిపిస్తుంటే మూడో పేరుకే "అమ్మా, భీమ్!" అని అరిచాడు.

పేరు తీసెయ్యడం తప్పని అర్థమయ్యాక, అంకె సంగతి కూడా చూడాలనిపించింది. ఛోటా భీమ్ సినిమాల్లో చాలావాటి నిడివి గంట, గంటంబావు. ఫైలు దృష్టిలో అదీ ఒక సినిమాయే, మూడున్నర గంటల స్కోర్సెసీ సినిమా కూడా ఒక సినిమాయే. అందుకని ఆయన్ని ఉంచి, పక్కన నిడివి చార్టు కూడా పెట్టాను. నొక్కినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. నటుల చార్టులో కూడా ఇదే జరిగింది. 43తో అనుపమ్ ఖేర్ మొదట ఉంటే, కాస్త కిందే 33తో జూలీ తేజ్‌వానీ. తెర మీద ముఖం కనిపించదు, ఆవిడది కార్టూన్ల గొంతు. నటుల గడిలో గొంతులూ ఉంటాయని నాకు ఆవిడ పేరు చూశాకే తెలిసింది.

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు ఈ బొమ్మలన్నీ నాన్నకు చూపించాను. నాన్నకు ఇవి కొత్తేమీ కాదు, అదొక కథ. 1987 నుంచి పదకొండేళ్లపాటు గంగానమ్మపేటలో వీడియో లైబ్రరీ నడిపాడు ఆయన. క్యాసెట్టు రోజుకు పది రూపాయలు, ప్లేయరు కావాలంటే వేరే అద్దె. క్యాసెట్టు ఇచ్చిన ప్రతిసారీ బైండు పుస్తకంలో రాసేవాడు. ఆ పుస్తకాల్లో ఒక్కటే మిగిలింది, వెనక పేజీల్లో అమ్మ చిట్టీల లెక్కలు రాసుకోబట్టి.

నాన్న కళ్లజోడు సర్దుకుని మౌసు పట్టుకుని ఒక్కో బారూ నొక్కి చూశాడు. తర్వాత అడిగాడు.

"ఇందులో తెలుగువెన్ని?"

"భాష గడి లేదు నాన్నా. దేశం ఒక్కటే ఉంది."

"భాష రాయకుండా క్యాసెట్టు ఎవరి చేతికిస్తావే? ఇంటికెళ్లి పెట్టుకుంటే తమిళం వచ్చిందనుకో, పొద్దున్నే వచ్చి తిట్టిపోస్తాడు."

నేను నవ్వాను గానీ, మూడు నెలల కోర్సులో, ఆ తర్వాత ఇంట్లో చేసుకున్న తంటాల్లో ఈ ప్రశ్న నాకే ఎందుకు రాలేదో తెలియదు. పన్నెండు కాలమ్‌లు ఉన్నాయి, వాటితోనే ఆడుకున్నాను. లేని పదమూడోదాని మీదికి ధ్యాస పోలేదు. నాన్న పుస్తకం తీయించి చూశాను. నంబరు, పేరు, భాష, ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తెచ్చారు. భాష కింద పొట్టి అక్షరాలు: తె, హిం, ఇం, త. అక్కడక్కడా 'తె.డ' అని. ఏమిటంటే తెలుగు డబ్బింగ్.

మరి ఆ ఫైల్లో మన సినిమాలు ఎక్కడున్నట్టు? రకాల కాలమ్‌లో అన్నిటికంటే పెద్ద పెట్టె 'ఇంటర్నేషనల్ మూవీస్', 2,752. కొరియా, స్పెయిన్, నైజీరియా, తెనాలి అన్నీ అందులోనే. తెనాలివాడికి తెలుగు సినిమా ఎట్లా ఇంటర్నేషనల్ అవుతుందో నాన్నకు చెప్పలేకపోయాను. నటుల పేర్లతో వెతుకుదామనుకున్నాను. బ్రహ్మానందం పేరు కొడితే కొన్ని దొరికాయి. ప్రకాశ్‌రాజ్ పేరు కొట్టేసరికి తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ అన్నీ కలిసి వచ్చాయి. పేరును బట్టి భాష చెప్పడం కుదరదు.

నాన్న పుస్తకం తిప్పుతుంటే ఇంకొకటి కనిపించింది. కొన్ని వరుసల మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. బూజుపట్టి పాడైన క్యాసెట్లవి. కొట్టేశాడు గానీ చెరిపెయ్యలేదు, కింద పేరు చదవొచ్చు. అది చూశాక నెట్‌ఫ్లిక్స్ నుంచి తీసేసినవాటి మాటేమిటని అనుమానం వచ్చింది. సినిమా హక్కులు కొన్నేళ్లకే కొంటారు, గడువైపోతే తీసేస్తారు. ఈ ఫైలుకు పాత వెర్షన్లు ఉన్నాయి, అదే 2021 జనవరిది 7,787 వరుసలది. రెండూ పక్కపక్కన పెట్టాను. 2019లో చేరినవి పాత ఫైల్లో 2,153. కొత్త ఫైల్లో 2,016.

ఆ అంకెను రెండుసార్లు చూసుకున్నాను. 2019 ఎప్పుడో అయిపోయిన ఏడాది. దాంట్లో 137 ఎట్లా తగ్గుతాయి? ఈ ఫైలు నెట్‌ఫ్లిక్స్ చరిత్ర కాదు. ఆ రోజు అరలో మిగిలి ఉన్న సరుకు, చేరిన తేదీ చీటీలతో. గడువు తీరి వెళ్లిపోయినవాటికి ఎర్రగీత కూడా ఉండదు, వరుసే ఉండదు. ఎంత పాత ఏడాదైతే అంతగా అరిగిపోయి ఉంటుంది. 2016 నుంచి 2019 దాకా గీత అంత నిటారుగా లేచిందే, దాంట్లో కొంత నిజంగా పెరిగింది. 2016 జనవరిలోనే కదా ఇండియాతో సహా 130 దేశాల్లో ఒకేసారి మొదలుపెట్టారు. కొంత మాత్రం ఎడమవైపు అరుగుదల. ఇంటర్వ్యూలో ఆవిడ ఇంకో ప్రశ్న వేసి ఉంటే అక్కడా బోర్లా పడేదాన్ని.

ఇదంతా పాత ఫైలు బాధ, ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ తనే లెక్కలు బయటపెడుతోంది కదా అని మా తమ్ముడు అన్నాడు. నిజమే. 2021 నవంబరు నుంచి ప్రతి వారం టాప్ 10 పెడుతున్నారు, ఎన్ని గంటలు చూశారో కూడా ఇస్తున్నారు, ఎక్సెల్ ఫైలు దించుకోవచ్చు. అరలో ఏముందన్నది కాదు, జనం ఏం చూశారన్నది అందులో ఉంటుంది. దాంతో రెండో పేజీ కట్టాను. అక్కడ పట్టికలు నాలుగు: ఇంగ్లిష్ సినిమాలు, ఇంగ్లిష్ కానివి, ఇంగ్లిష్ టీవీ, ఇంగ్లిష్ కానిది. ప్రపంచంలో భాషలు రెండే అన్నమాట! 2022 మే నుంచి వారాల తరబడి ఇంగ్లిష్ కాని సినిమాల్లో ఉన్నది ఆర్ఆర్ఆర్, పక్కన బ్రాకెట్లో హిందీ అని. నెట్‌ఫ్లిక్స్ దగ్గరున్నది ఆ హిందీ వెర్షనే కాబట్టి వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే. కానీ నా చార్టులో భాష రంగులు వేస్తే అది హిందీ రంగులో వచ్చింది. నాన్నకు ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "హిం.డ అని రాయి" అన్నాడు.

అక్కణ్నుంచి ఈ పని పట్టుకున్నాం. ఇండియా ఒక్కటే రాసి ఉన్న ఆ 972 వరుసలూ గూగుల్ షీట్లో పెట్టి భాష గడి మేమే నింపుతున్నాం. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్. నేను పేరు, నటులు చదువుతాను, నాన్న చెబుతాడు, కొత్త సినిమాలైతే తమ్ముడు. అనుమానం ఉన్నవి పసుపు రంగులో పెడతాను. మొదటి వారమే గొడవైంది. బాహుబలి రెండో భాగం హిందీ వెర్షన్, తమిళ వెర్షన్, మలయాళం వెర్షన్ అని వేర్వేరు వరుసల్లో ఉంది. వీటికి ఏం రాయాలి? తమ్ముడు తెలుగన్నాడు, తీసింది తెలుగు కాబట్టి. చూసేవాడికి వినిపించేది తమిళమైతే తమిళం అన్నాను నేను. నాన్న ఇద్దరి మాటా వినలేదు. గడులు రెండు పెట్టమన్నాడు, తీసినది ఒకటి, వినిపించేది ఒకటి. పెట్టాను. రెండు స్లైసర్లు. ఒకటి తెలుగు, రెండోది హిందీ అని నొక్కి చూడటానికి ఎంత బాగుందో.

ఇప్పటికి 340 వరుసలు అయ్యాయి. నాన్నకు తొమ్మిదయ్యేసరికి నిద్రొస్తుంది కాబట్టి రోజుకు ముప్పైకి మించి సాగదు. వచ్చే వారం నాలుగో ఇంటర్వ్యూ ఉంది, ఈ డ్యాష్‌బోర్డే తీసుకెళ్తున్నాను. అన్నిటికంటే పైన, కంపెనీ లోగో పెట్టే చోట, 'డేటా 2021 సెప్టెంబరు 25 వరకు' అని పెద్ద అక్షరాలతో రాశాను.

ఇవాళ పొద్దున ఐదింటికి వాట్సాప్‌లో నాన్న వాయిస్ మెసేజ్ వచ్చింది. "అమ్మాయ్, నిన్న 318వది తెలుగన్నాను చూడు, అది కాదే. కన్నడం. మార్చు."